తుండు కింద మాట

1999 మార్చి ఏడో తేదీ, ఆదివారం. ఆ రోజు తిన్నది ఇడ్లీ, అల్లప్పచ్చడి. గుంటూరులో ఆస్పత్రి ఎదురుగా తోపుడు బండి దగ్గర కొన్నవి. విస్తరాకులో పెట్టి, పైన పాత పేపరు చుట్టి, పురికొసతో కట్టి ఇచ్చాడు బండివాడు. పొట్లం విప్పేసరికి ఇంకా పొగలొస్తున్నాయి. అప్పటికి కొన్నాళ్ళుగా అన్నం చూస్తేనే మొహం తిప్పుకుంటున్న శ్యామలాంబ ఆ పూట ఒక ఇడ్లీ మొత్తం తిని, రెండోది సగం తుంచి, మిగిలిన సగం భర్త వైపు జరిపింది. ఆ సగం ఇడ్లీ రుచి పద్మనాభానికి ఇప్పటికీ నాలుక మీద ఉంది. తేదీ గుర్తుండిపోవడానికి మాత్రం కారణం అది కాదు. ఆ పొద్దున ఆస్పత్రిలో లిఫ్టు చెడిపోయింది. మెట్లెక్కే ఓపిక లేని ఆవిణ్ణి చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని రెండో అంతస్తుకి చేర్చినవాడు వాళ్ళ పక్కింటి సైదా. ఇడ్లీ తింటూ, వేళ్ళకంటిన పచ్చడి వైపు చూసుకుంటూ ఆవిడ అన్నది: "వీపు కింద మూడు వేళ్ళే తగిలాయండీ. రెండు వేళ్ళ చోటు ఖాళీగా తెలుస్తూనే ఉంది. ఆ సైదా చేతి సంగతి మీరు చూడాలి." సరేనన్నాడు. ఆవిడ ఏమడిగినా సరేననే రోజులవి. కిటికీ మూయమంటే సరే, తియ్యమంటే సరే. వాటిలో ఇదొకటి అనుకున్నాడు. ఆ నెల దాటకుండానే ఆవిడ వెళ్ళిపోయింది. కిటికీలు ఎవరూ మూయమనడం లేదు, తియ్యమనడం లేదు. ఆ ఒక్క సరే మాత్రం మిగిలింది.

ఆ మూడు వేళ్ళూ ఇప్పుడు పద్మనాభం పక్కనే, అతని పుస్తకాల సంచి మీద ఉన్నాయి. సైదా కిటికీకి తల ఆనించి కునుకు తీస్తున్నాడు. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా తల చువ్వకి కొట్టుకుంటున్నా మెలకువ రావడం లేదు గాని, సంచిని మాత్రం ఒళ్ళోంచి జారనివ్వడం లేదు. మార్టూరులో ఎక్కినప్పుడు "నేను పట్టుకుంటా, మీరు చదువుకోండి సార్" అని లాక్కున్న సంచి అది. చదవాల్సిన పుస్తకం అందులోనే ఉందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. ఇప్పుడు తీయాలంటే ఆ చేతిని కదపాలి, కదిపితే లేస్తాడు. పద్మనాభం కదపలేదు. చదివిందంతా తలలోనే ఉండాలి కదా, రేపు హాల్లో ఏ సంచి ఉంటుంది! చిలకలూరిపేట దాటింది బస్సు, గుంటూరు వైపు పోతోంది. పోతోందనడం మర్యాదకి. రోడ్డును నాలుగు వరసలు చేస్తామని రెండు పక్కలా చెట్లు కొట్టేశారు, మట్టి పోశారు. ఆ మట్టి మీద బస్సు గర్భిణి నడిచినట్టు నడుస్తోంది. ఎడమ వైపు కొండవీటి కొండల వెనక్కి పొద్దు దిగుతోంది. దూరాన కల్లాల మీద ఎండు మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి, తాలుకాయలు ఏరే ఆడవాళ్ళు నడుములు పట్టుకుని లేస్తున్నారు. రేపు ఉదయం పరీక్ష. కాంట్రాక్టు చట్టం. దూరవిద్యలో మూడేళ్ళుగా చదువుతున్న న్యాయశాస్త్రం డిగ్రీకి అడ్డుగా మిగిలిన ఒకే ఒక్క పేపరు. మొదటి ఏడాది అందులో తప్పాడు. రెండో ఏడాది సరిగ్గా పరీక్ష రోజునే ఇంటర్ పేపర్లు దిద్దే డ్యూటీ పడింది, తెలుగు లెక్చరర్ని వదిలేది లేదన్నారు. ఈసారీ తప్పితే గడువు తీరిపోతుంది, మళ్ళీ మొదటినుంచి చేరాలి. అతను చేరగలడు. మిషనులో పోయిన వేళ్ళకి సైదా వేసిన పరిహారం కేసు అంతదాకా ఆగదు.

ఈ చదువు కావాలని ఒంగోలులో కార్మిక శాఖ ఆఫీసరే చెప్పాడు. చెప్పడానికి ముందు నవ్వించాడు, పాపం మంచివాడు. ఆ ఆఫీసు వరండా, గోడకి చేరగిలబడ్డ మనుషులు, ఒకడికి కాలు లేదు, ఒకామెకి భర్త లేడు. సైదా పేరు పిలిచినప్పుడు లేచి నిలబడింది పద్మనాభం. "మీ లాయరు గారు ఏరీ?" "రారండి. అటు పక్కవాళ్ళతో కలిసిపోయారు." "మరి మీరెవరు, యూనియనా?" "కాదండి. తెలుగు లెక్చరర్ని." "అయితే ఓ పద్యం చదివి వెళ్ళండి." గుమాస్తాలు పగలబడి నవ్వారు. పద్మనాభానికీ నవ్వొచ్చింది, అదీ కాస్త గట్టిగానే. ఆ నవ్వు చూసే కాబోలు ఆఫీసరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చూడండి మాస్టారూ, నేను అనుమతిస్తే లాయరు కాని మనిషి కూడా కార్మికుడి తరఫున మాట్లాడొచ్చు. చట్టంలో ఆ వీలుంది. కానీ మీరు నోరు తెరవగానే అవతలి లాయరు ఈయనకేం తెలుసంటాడు. చట్టం చదివానని ఒక కాగితం తెచ్చుకోండి, మిగతాది నేను చూసుకుంటా." అది జరిగి మూడేళ్ళు కావస్తోంది. వాయిదా మీద వాయిదా పడుతూ వచ్చింది. రాబోయే జూన్ వాయిదా తర్వాత ఆ ఆఫీసరు బదిలీ. కొత్తగా వచ్చేవాడు నవ్వించేవాడో కాదో ఎవరికి తెలుసు! జూన్‌కి ఫలితాలు వస్తాయి. వచ్చి తీరాలి. అందులో తన నంబరు ఉండి తీరాలి.

ఈ చదువుకి నల్లకోటు లేదు. ఆ సంగతి వర్సిటీ పుస్తకం చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: దూరవిద్యలో పొందిన ఈ పట్టాతో న్యాయవాదిగా నమోదు కావడానికి వీల్లేదు. చేరేముందే చదివాడు. ఊళ్ళో ఎవరూ చదవలేదు కనక బడ్డీకొట్టు దగ్గర్నుంచి కాలేజీ అటెండరు దాకా అందరూ "ప్లీడరు గారూ" అనే పిలుస్తున్నారు. మొదట్లో కాదని చెప్పేవాడు. చెప్పిన కొద్దీ "అబ్బో, ప్లీడర్ల లాగే మాట మారుస్తున్నాడు" అని మరింత నవ్వేవాళ్ళు. మానేశాడు. సాయంత్రాలు మాత్రం నిండాయి, అది చాలదూ? శ్యామల పోయాక సాయంత్రమంటే భయంగా ఉండేది. వెలుగు తగ్గుతుంటే ఇంట్లోకి వెళ్ళాలా వద్దా అని గుమ్మంలో నిలబడేవాడు. వర్సిటీ పోస్టులో పంపిన లావుపాటి కట్ట వచ్చిన రోజున, దాన్ని విప్పుతూ, ఎప్పుడు లోపలికొచ్చాడో, ఎప్పుడు దీపం వేశాడో తెలీలేదు. తర్వాత పొయ్యి మీద అన్నం పెట్టి సెక్షన్లు వల్లె వేసేవాడు. అన్నం మాడిన వాసనకి నేరశిక్షాస్మృతిలో సగం వచ్చేసింది. ఆస్తి బదిలీ చట్టం చదివిన నెల్లో పప్పు కుదరడం మొదలైంది. ఒకరోజు దొండకాయ వేపుడు శ్యామల చేసినట్టే వచ్చింది. తింటూ తింటూ ఆగిపోయి ఎవరికైనా చెప్పాలని చుట్టూ చూశాడు. గోడకవతల సైదా వాళ్ళావిడ పిల్లల మీద కేకలేస్తోంది. గిన్నెలో కాస్త తీసి గోడ మీంచి అందించాడు. "సార్ వండారా!" అని ఆవిడ ఆశ్చర్యపడ్డ తీరు మార్కుల కాగితం కంటే బాగుంది.

ఎన్ని పేపర్లు గట్టెక్కాయి! ఒక్కటి గుచ్చుకుని కూర్చుంది. అదీ ఒక్క మాట దగ్గర. పాఠాలు ఇంగ్లీషులో పంపారు, జవాబులు తెలుగులో రాసుకోవచ్చన్నారు. పాతికేళ్ళు తెలుగు చెప్పినవాడికి ఇంకేం కావాలి, పండగే అనుకున్నాడు. కాంట్రాక్టు చట్టంలో అడుగడుగునా కన్సిడరేషన్ అని ఒక మాట. నిఘంటువు తీశాడు. ఆలోచించడం, లెక్కలోకి తీసుకోవడం, పరిగణన. ఆహా, పరిగణన, ఎంత గంభీరంగా ఉందో! పేపరంతా రాశాడు: పరిగణన లేని ఒప్పందం చెల్లదు, పరిగణన న్యాయసమ్మతమై ఉండవలెను, పరిగణన ఇరువైపులా నడవవలెను. దస్తూరీ ముత్యాల్లా ఉంది. ఫలితాలు వచ్చినప్పుడు ఏదో పొరపాటు జరిగిందనుకున్నాడు. జరిగిన పొరపాటు తనదేనని గుంటూరులో సెలవుల్లో పెట్టిన క్లాసుల్లో తెలిసింది. అక్కడ కాంట్రాక్టు చట్టం చెప్పడానికి వచ్చిన కుర్ర లాయరు జయదేవ్, ఒకప్పుడు ఇంటర్లో తన దగ్గర తెలుగు చదివినవాడు. సందేహం అడగడానికి లేచి "ఈ పరిగణన..." అనగానే జయదేవ్ చాక్‌పీస్ కింద పెట్టేశాడు. "మాస్టారూ, పరిగణన కాదండీ. ప్రతిఫలం. ఇచ్చినదానికి బదులు వచ్చేది." క్లాసంతా గొల్లుమంది. "మీరు నాకు ఛందస్సు చెప్పారు, నాకు రాలేదు. నేను మీకు కాంట్రాక్టు చెప్తున్నా, మీకు రావడం లేదు. చెల్లుకి చెల్లు." క్లాసయ్యాక టీ తాగిస్తూ, సైదా సంగతంతా విని, తలొంచుకుని చెప్పాడు, "ఒంగోలు వాయిదాలకి నేను రాలేను మాస్టారూ. వస్తానని చెప్పి రాకపోవడం కంటే ఇప్పుడే చెప్పడం నయం." ఆ నిజానికి పద్మనాభం మనసులో దణ్ణం పెట్టుకున్నాడు. మొదటి లాయరు ఆ మాత్రం చెప్పి ఉంటే ఒక ఏడాది కలిసొచ్చేది.

ప్రతిఫలం అన్న మాట తనకి తెలియక కాదు. తెలిసే పక్కన పెట్టాడు. అది చాలా రోజుల తర్వాత, ఊళ్ళో రాళ్ళు కోసే మిషన్ల రొదలో నిద్ర పట్టక దొర్లుతుంటే తట్టింది. సన్మాన పత్రాలు ఎన్ని రాశాడు తను! కాలేజీ కార్యదర్శికి, రిటైరైన హెడ్మాస్టరుకి, ఎవరికి రాసినా ప్రతిఫలాపేక్ష లేకుండా సేవ చేసిన మహనీయులు అనేవాడు. ప్రతిఫలం ఆశించకపోవడమే గొప్పని రాసి రాసి, చెప్పి చెప్పి, ఆ మాటంటే కొంచెం నామోషీ. పిల్లలకి పాఠం చెప్పే నోటితో, బదులేమిటి అని ఎలా అంటాం? చట్టానికి ఆ నామోషీ లేదు. ప్రతిఫలం ఉంటేనే మాట, లేకపోతే గాలి. ఎవరేమి ఇచ్చారు, బదులు ఏమి పుచ్చుకున్నారు, అదొక్కటే అడుగుతుంది. రేపు రాయాల్సింది ప్రతిఫలం. ప్ర, తి, ఫ, లం. పద్మనాభం బొటనవేలితో ముందు సీటు రేకు మీద రాసుకున్నాడు. దుమ్ములో అక్షరాలు పడ్డాయి. రేపు చెయ్యి అలవాటుకొద్దీ పరిగణన వైపు పోతే ఎడం చేత్తో దాన్ని పట్టుకోవాలి.

ఆ ముందు సీట్లో మనిషి వెనక్కి తిరిగాడు. భుజం మీద తుండు, ఒళ్ళో చిన్న మూట. మిరపకాయల ఘాటు అతన్నుంచే వస్తోంది. "ఏందండీ రాత్తన్నారు, లెక్కలా?" "పరీక్షండీ రేపు, చదువుకుంటున్నా." "మీకా, మీ అబ్బాయికా?" "నాకే." ఆయన కాసేపు పైకీ కిందికీ చూశాడు. పేరు బాపయ్య అట, యడ్లపాడు దగ్గర పొలం, మిరపకాయ బస్తాలు, టిక్కీలంటారు, పొద్దున్నే గుంటూరు యార్డుకి తోలాడు, వెనకాల తను పోతున్నాడు. "ఏం పరీక్ష?" "లా." "అయితే ఓ మాట చెప్పండి. కాగితం రాసుకోకుండా నోటి మాటన్నా చెల్లుద్దా?" "చెల్లుతుందండీ. కొన్నిసార్లు నోటి మాట కూడా అక్కర్లేదు." "అదేందయ్యో!" అంటూ బాపయ్య పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు, "నోరు తెరవకుండా ఒప్పందమంట! మా ఆవిడ అట్టాగే చేసుద్దిలే రోజూ." బస్సులో నలుగురు నవ్వారు. ఎవరో దగ్గారు. ఒకరు దగ్గితే అందరికీ అంటుకుంది, మూటలోని కాయల మహిమ. వెనకనించి ఒకామె నీళ్ళ సీసా ముందుకి పంపింది. సీసా చేతులు మారుతూ మారుతూ వచ్చి, తిరిగి ఆమెకి చేరేసరికి అడుగున గుక్కెడు మిగిలింది. ఆమె ఆ గుక్కెడు తాగి మూత బిగించుకుంది.

నోరు తెరవకుండా ఒప్పందం. అది చెప్పింది పుస్తకం, చూపించింది సైదా. రాళ్ళ పాలిషింగ్‌లో చేరకముందు సైదా పశువుల సంతలో బేరగాడు. ఎద్దుల జత ముందు నిలబడి, కొనేవాడి చెయ్యీ అమ్మేవాడి చెయ్యీ తన తుండు కిందికి తీసుకుని, వేళ్ళతో ధర చెప్పేవాడు. చుట్టూ వందమంది నిలబడి చూస్తున్నా తుండు కింద ఏమైందో ఒక్కడికి తెలీదు. వేలు పట్టుకుంటే ఒకటి, వేళ్ళు కలిపి పట్టుకుంటే ఇంకొకటి, నొక్కితే ఔను, విదిలిస్తే కాదు. బేరం కుదిరితే అరచేయి మొత్తం కప్పి గట్టిగా పట్టుకోవాలి, అంతే, ఎద్దులు చేతులు మారాయన్నమాట. ఒకసారి వేసవి సాయంత్రం అరుగు మీద కూర్చుని ప్రతిపాదన, అంగీకారం అని పద్మనాభం పైకి చదువుతుంటే, "అదేగా సార్ మా తుండు" అని నవ్వి చెయ్యి చాచాడు సైదా. తుండు కప్పాడు. చాచింది ఎడం చెయ్యి. కుడి చేతికి చూపుడువేలూ నడిమివేలూ రాళ్ళు కోసే మిషను తీసేసుకుంది. సంతలో ఎడం చేత్తో బేరం పెడితే ఎద్దుకి కీడని ఎవడూ పట్టుకోడు. అందుకే ఆ పాత పనిలోకి మళ్ళీ పోలేకపోయాడు. మిషను ఓనరు, అతను మా మనిషి కాదు, రాసుకున్న ఒప్పందం ఏదీ, చూపించమనండి అన్నాడు. ఎక్కడిది రాసుకున్నది! రోజూ పొద్దున గేటు దగ్గర నిలబడ్డ మనుషుల్లో సైదా వైపు చూసి గడ్డం పైకెత్తేవాడు. సైదా వెళ్ళి మిషను ముందు నిలబడేవాడు. గడ్డం ఎత్తడం ప్రతిపాదన, నిలబడటం అంగీకారం, కోసిన రాయి ప్రతిఫలం. ఇంతకంటే ఒప్పందం ఏముంటుంది? ఈ మాట జూన్‌లో, ఆ బల్ల ముందు, లాయరు నవ్వుతున్నా సరే, మొత్తం చెప్పాలి. చెప్పాలంటే రేపు పాసవ్వాలి. పాసవుతాడు. ఎవరో ఒక మనిషి ఎక్కడో ఒక గదిలో, చల్లారిన టీ పక్కన పెట్టుకుని తన పేపరు తీస్తాడు. తను కూడా అలా ఎన్ని కట్టలు దిద్దాడు! అర మార్కు దగ్గర ఆగిన పిల్లల్ని చూసీ చూడనట్టు ఇవతలికి లాగేవాడు. ఆ అర మార్కులన్నీ ఎక్కడికి పోతాయి! లేదు, అర మార్కు మీద ఆశ పెట్టుకోకూడదు. నిండా రాయాలి.

బస్సు ఒక్క కుదుపు కుదిపింది. సైదా కళ్ళు తెరవకుండానే "సార్, సంచి నా దగ్గరే ఉంది" అన్నాడు. "తెలుసు, పడుకో." "పడుకోలేదు సార్, కళ్ళే మూశా." కళ్ళు మూసుకునే, నిన్న చెప్పిన మాటే మళ్ళీ చెప్పాడు, "పోతే పోనీండి సార్ ఈ తడవ. ఓనరు వాచ్‌మన్ పని ఇస్తానంటన్నాడు, కేసు ఎత్తేసుకోమంటన్నాడు. నా కోసం మీకెందుకు ఇంత కష్టం? నేను మీకేం చేశాను?" జవాబు వినకుండానే తల మళ్ళీ కిటికీ వైపు వాల్చాడు. నేను మీకేం చేశాను! సైదాకి నిజంగానే గుర్తు లేదు. రెండంతస్తుల మెట్లు, చేతుల్లో ఎముకల మూటలాంటి మనిషి, పైకి చేరాక ఒక్కసారి గోడకి ఒరిగి ఊపిరి తీసుకోవడం, అంతే, అతనికది రోజుల్లో ఒక రోజు. శ్యామల వీపుకి మాత్రం అది తుండు కింద మాటలా తగిలింది. మూడు వేళ్ళు చెప్పిన మాటని ఆవిడ అందుకుంది, అందుకుని భర్త చేతిలో పెట్టింది.

అదిగో, అక్కడ లాయరు లేచాడు, పద్మనాభం తలలో ఎప్పుడూ కాచుకుని ఉండే అవతలి లాయరు. అయ్యా, సదరు శ్యామలాంబ గారు సైదా ఇంటికి ఏటా ఆవకాయ జాడీ పంపేవారు, కాబట్టి ఎత్తుకున్నందుకు ప్రతిఫలం ముందే ముట్టింది, ఇంక బాకీ ఏమిటి? పద్మనాభానికి నవ్వొచ్చింది. ఆవకాయ! అవును, ఎండాకాలం వస్తే ఆవిడ మిషన్ల దుమ్ముని తిట్టుకుంటూ, కారం ఆరబోసిన గుడ్డ మీద తెల్లటి రాతిపొడి పడకుండా ఇంకో గుడ్డ కప్పేది. కలిపిన మొదటి జాడీ గోడ అవతలికి పోవాల్సిందే. ఆవకాయకి బదులు మెట్లెక్కాడంటే సైదా తుండుతో కొడతాడు. లేదండీ, ప్రతిఫలం లేదు. ప్రతిఫలం లేదు కాబట్టి చెల్లదంటారా, ఆగండి. ఇరవై ఐదో సెక్షన్. ప్రతిఫలం లేని ఒప్పందం చెల్లదు, అయితే. ఆ 'అయితే' దగ్గర పద్మనాభం సీట్లో నిటారుగా కూర్చున్నాడు. అయితే, ఎవరైనా అడగకుండా, తనంతట తాను మనకొక పని చేసిపెట్టి ఉంటే, ఆ చేసినదానికి బదులు తీరుస్తానని తర్వాత మనం మాట ఇస్తే, ఆ మాట చెల్లుతుంది. ఎన్నిసార్లు బట్టీ పట్టాడు ఈ ముక్క! ఉదాహరణ పుస్తకంలో ఉంది, ఎవడో ఎవడిదో డబ్బు సంచి దొరికితే తెచ్చిచ్చాడు. అది చదివినప్పుడల్లా మర్చిపోయేవాడు. ఇప్పుడు మర్చిపోడు. అంత కఠినంగా లెక్కలడిగే చట్టం కూడా ప్రతిఫలాపేక్ష లేని మనిషి కోసం పక్కన ఒక చిన్న తలుపు తీసిపెట్టింది. పాతికేళ్ళు సన్మాన పత్రాల్లో తను రాసిన మనిషి ఆ తలుపులోంచి తలొంచుకుని వస్తాడు, మూడు వేళ్ళతో.

కానీ మాట ఇచ్చింది ఎవరికి? అవతలి లాయరు వదల్లేదు. మీరు మాట ఇచ్చింది మీ భార్యకి, సైదాకి కాదు కదా. బస్సు లైట్లు వెలిగాయి. బయట చీకటి పడింది, కోల్డు స్టోరేజీల గోడలు వరసగా వెనక్కి పోతున్నాయి, ఊరి ఘాటు కిటికీల్లోంచి పలకరించింది. పద్మనాభం సైదా ముఖం వైపు చూశాడు. మూడేళ్ళుగా ఒంగోలు తిరిగారు, దరఖాస్తులు రాశాడు, తిరిగొస్తూ ఇద్దరూ ఒకే బెంచీ మీద మిరపకాయ బజ్జీలు తిన్నారు. ఒక్కసారి కూడా, నీకు మాట ఇస్తున్నాను అని ఇతనితో అనలేదు. జాలిపడి తిరుగుతున్నాడనుకుంటున్నాడు సైదా. జాలి అయితే వద్దనే హక్కు అతనికుంది. అందుకే వాచ్‌మన్ పని అంటున్నాడు.

బ్రాడీపేటలో శ్యామల పిన్ని వర్ధనమ్మ గారిల్లు. కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య నలిగిపోయి, గేటుకి మల్లెతీగ పట్టుకుని నిలబడ్డ పాత పెంకుటిల్లు. ఆటో దిగగానే ఆవిడ గుమ్మంలోంచే మొదలుపెట్టింది, "రండి అల్లుడుగారూ, రండి. తల నెరిశాక పరీక్షలేమిటండీ, ఆ నల్లకోటు ఈ ఎండల్లో ఎట్లా తొడుగుతారు?" "ఈ చదువుకి కోటు లేదు పిన్నిగారూ." "కోటు లేని ప్లీడరీ కూడా ఉందా! అయితే ఉతుకుడు కలిసొచ్చింది." సైదాని చూసి ఒక్క క్షణం ఆగింది. ఆవిడ మడి సంగతి పద్మనాభానికి తెలుసు, ఏమంటుందోనని ఓ అడుగు వేసి సైదా పక్కన నిలబడ్డాడు. "మెట్లమీద మా శ్యామలని ఎత్తుకున్నది నువ్వేనటగా నాయనా? చెప్పింది, ఆ రోజు నేను చూడ్డానికొస్తే. కూర్చో, కాళ్ళు కడుక్కుని కూర్చో." రెండు విస్తళ్ళు పక్కపక్కనే వేసింది. బీరకాయ పచ్చడి, పప్పుచారు, చివర పెరుగు. మారు వడ్డించడానికి ముందు సైదా దగ్గరికే వచ్చింది. ఈ సంగతి కూడా శ్యామల ఎప్పుడో సర్దిపెట్టి వెళ్ళిందన్నమాట. పద్మనాభం తలెత్తలేదు, పచ్చడి కారానికి కళ్ళలో నీళ్ళొచ్చినట్టు కండువాతో తుడుచుకున్నాడు.

చదువుకోవడానికి ముందు గది ఇచ్చారు. ఒక మంచం, ఒక బల్ల, బల్ల మీద దీపం. వరండాలో సైదాకి చాప. పుస్తకం తీశాడు గాని తెరవలేదు. "సైదా, నీ తుండు తీసుకుని ఇట్లా రా." వచ్చాడు, అర్థం కాక నవ్వుతూ. "ఇద్దరి చేతుల మీదా కప్పు. ఎడం చెయ్యి కాదు. కుడిది." సైదా నవ్వు ఆగింది. "కుడి చేత్తో ఎట్లా సార్? చెప్పడానికి వేళ్ళేవీ?" "అరచేయి ఉందిగా. బేరం కుదిరితే పట్టుకునేది అదే కదా." తుండు కింద ఆ చెయ్యి చల్లగా, గరుగ్గా తగిలింది. రెండు వేళ్ళ చోటు ఖాళీగా తెలిసింది. "మా ఆవిణ్ణి పైకి మోశావు. నేనడగలేదు, ఆవిడా అడగలేదు. ఆ రోజు ఆవిణ్ణే కాదు, నన్ను కూడా మోశావు. దానికి బదులు, నీ కేసులో చివరిదాకా నేను మాట్లాడతాను. ఇది నీకిస్తున్న మాట. జాలి కాదు. రేపు పోయినా, మళ్ళీ మొదటినుంచి చదవాల్సొచ్చినా, మాట మాటే. ఇప్పుడు విదిలిస్తావా, పట్టుకుంటావా?" దీపం చుట్టూ పురుగులు తిరుగుతున్నాయి. లోపల వర్ధనమ్మ గారు గిన్నెలు సర్దుతున్న చప్పుడు. "చెల్లుద్దా సార్ ఇది? చట్టంలో?" "చెల్లుతుంది. రేపు రాయబోయేది అదే." తుండు కింద మూడు వేళ్ళు, అరచేయి, బొటనవేలి మొదలు, అన్నీ కలిసి పద్మనాభం చేతిని కప్పి గట్టిగా పట్టుకున్నాయి. "వాచ్‌మన్ పని వద్దని సోమవారం చెప్పేస్తా సార్," అన్నాడు సైదా, తుండు తీసి భుజాన వేసుకుంటూ. సంతలో బేరగాడి ధీమా కొంచెం తిరిగొచ్చింది. "మీరు మాత్రం ఆ పెద్ద మాట రాయమాకండి, ఆ పరి ఏదో."

పద్మనాభం నవ్వి, కాగితం తీసి పైన ప్రతిఫలం అని రాశాడు. కింద ఇరవై ఐదు అని. దాని కింద 'అయితే' అని రాసి, ఆ మాట చుట్టూ ఒక గీత గీశాడు. ఇంక చదవాల్సింది పెద్దగా లేదు. గాలికి కాగితం లేవబోతే అరచేయి దాని మీద పెట్టాడు. వరండాలోంచి అది చూసిన సైదా లేచొచ్చాడు. పాత టేకు తలుపు, ముట్టుకుంటే కిర్రుమనే రకం. ఒక రెక్కని భుజంతో కొంచెం పైకెత్తి, ఇంకో రెక్కని ఆ మూడు వేళ్ళతో మెల్లగా దగ్గరికి లాగి, చప్పుడు కానివ్వకుండా మూశాడు.